ఒడ్డు పోలీసు

అన్నయ్యకు,

ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండుసార్లు లేచాను. ఒకసారి పొయ్యి ఆపానో లేదో చూడటానికి, ఇంకోసారి ఊరికే. చిన్నప్పుడు నాకు బొంగరం అని పేరు పెట్టావుగా, ఆయన పోయాక ఆ పేరు నిలబెడుతున్నాను. తుడిచిన గదే మళ్ళీ తుడుస్తున్నాను. ఆయన బూట్లకి రోజూ పాలిష్ పెడుతున్నాను, ఎవరు వేసుకుంటారని మాత్రం అడగకు.

వచ్చే ఆదివారం పోలీస్ స్టేషన్‌లో ఆయనకి సంతాప సభ పెడుతున్నారు. నన్నూ నాలుగు మాటలు మాట్లాడమన్నారు. పిలవడానికి వెళ్ళినవాళ్ళతో అక్క, "పిరికివాడికి సభ ఏంటి?" అన్నదట. వరదలో బావ కొట్టుకుపోయినప్పటినుంచీ ఊరంతా ఆ మాటే కదా. నేవీలో చేసి వచ్చిన పోలీసు వంతెన మీద చెయ్యి చాచి నిలబడ్డాడే తప్ప ఏట్లోకి దూకలేదని, ఆయనకి ఒడ్డు పోలీసని పేరు పెట్టారు. సముద్రం చూసినవాడికి ఏరంటే భయమేమిటని నువ్వూ ఓసారి నవ్వావు. నాకూ లోపల ఆ అనుమానం ఉండేది. అడిగితే అవునంటారేమోనని ఎన్నడూ అడగలేదు.

నిన్న స్టేషన్ జీపు డ్రైవర్ వచ్చాడు, ఆ రోజు వంతెన మీద ఆయన పక్కనే ఉన్నవాడు. అక్క మాట విని ఆగలేకపోయాడట. ఓడ మీంచి మనిషి పడితే అందరూ దూకరట అన్నయ్యా. ఒకడు చెయ్యి చాచి ఆ మనిషినే చూపిస్తూ నిలబడాలట. వాడికి ఇంకో పని ఉండదు, రెప్ప వాల్చకూడదు. చూపు తప్పితే అలల్లో ఆ తల మళ్ళీ దొరకదు. ఆ రోజు ఆయన చేసింది అదే. ఆయన చెయ్యి చూసుకుంటూనే పడవవాళ్ళు బావ వైపు పోతున్నారట. తర్వాత డ్రైవర్ అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మీ అక్కగారు పరిగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుని గుంజారమ్మా, దూకు దూకు అని. సార్ ఒక్క క్షణం ఆవిడ వైపు తిరిగారు. మళ్ళీ చూసేసరికి తల లేదు. ఈ మాట ఆవిడ చెవిన పడకూడదని మాచేత ఒట్టు వేయించుకున్నారు."

ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి నాకు కూడా చెప్పలేదు. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. నేను ఏ ఒట్టూ వెయ్యలేదు. ఆదివారం మైకు పట్టుకుని, అక్క ఉన్నా లేకపోయినా, అంతా కడిగేస్తాను. ఫోన్ చేసి నన్ను ఆపకు.

నీ బొంగరం


అన్నయ్యకు,

చెప్పలేదు. ఇంత చేసీ, చెప్పలేదు.

అక్క వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ నన్ను పిలవగానే లేచి మైకు దగ్గరికి పోతుంటే, గుమ్మం దగ్గర నిలబడ్డది వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి చెప్పవే. ఆ రోజు మీ ఆయన నావైపు ఎందుకు తిరిగాడు? అటే చూస్తున్నవాడు నన్నెందుకు చూశాడు?" అంది.

ఆ ముఖం నువ్వు చూడలేదు అన్నయ్యా. ఇన్నాళ్ళూ ఆయన్ని అంత గట్టిగా తిట్టింది, ఆ ప్రశ్న దగ్గరికి పోకుండా ఉండటానికేనని నాకప్పుడు తెలిసింది. నువ్వు చెయ్యి గుంజావు కాబట్టి అన్న జవాబు నోటిదాకా వచ్చింది. డ్రైవర్ నావైపే చూస్తున్నాడు.

"నువ్వు వంతెన గోడ మీదికి వంగుతున్నావు. నువ్వూ పడిపోతావేమోనని చూశారట" అన్నాను.

నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా అక్క అలా ఏడవలేదు. నేను మైకులో ఆయన బూట్ల పిచ్చి గురించి, ఆయన చేసిన ప్రతి వంటలో ఉప్పు ఎక్కువయ్యేదని, ఏదో చెప్పాను. అందరూ నవ్వారు. బయటికొస్తుంటే టీకొట్టు దగ్గర ఎవడో, ఒడ్డు పోలీసు పెళ్ళాం అన్నాడు. ఒళ్ళు మండింది. మండితే మండనీ అని నడిచాను. ఆయన చచ్చేదాకా మోసిన మాట, నేను మోయలేనా?

అక్క సంచీ సర్దుకుని నాతోనే వచ్చేసింది. ఇప్పుడు వంటింట్లో కూరలు తరుగుతోంది, కత్తికి పదును లేదని గొణుగుతోంది. తను కనిపించేలా కుర్చీ ఇటు తిప్పుకుని రాస్తున్నాను. ఈసారి ఒక్కసారీ లేవలేదు.

చదవగానే ఉత్తరాలు రెండూ చించెయ్యి.

నీ బొంగరం