కుడి పువ్వు పడితే ఉందాం

సర్వధారి, శ్రావణ శుద్ధ సప్తమి

పొద్దున్నే పటేలు గుడికి వచ్చాడు. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి మాట్లాడాడు. ఖాకీ వాళ్లు ఇటిక్యాల దాకా వచ్చారట. నవాబు రాజ్యం ఎప్పటికీ ఉండాలని కత్తులు పట్టుకుని తిరుగుతున్నారట. ఎక్కడో గడ్డివాములు కాల్చారట. తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడ స్వరాజ్యం. అక్కడికి వీళ్లు రాలేరు. సగం ఊరు పోదామంటున్నది. సగం ఊరు ఏటి నీళ్లు చూసి జంకుతున్నది.

"మనుషులతోని తెగేటట్టు లేదు నర్సన్నా. శనివారం నాడు స్వామినే అడుగుదం."

తల ఊపాను. పెద్దవాళ్ల ముందు నాకు మాటలు రావు. అందరికీ తెలిసిందే.

అష్టమి

నా బిడ్డ లచ్చమ్మకు ఎనిమిదో నెల. కాళ్లు వాచాయి. అల్లుడు రాయచూరులో పత్తి మిల్లులో ఉన్నాడు, కబురు లేదు. ఏటి చప్పుడు ఇంట్లోకి వినబడుతున్నది. పోయిన అమావాస్యకు ఏరు దాటించే పుట్టి ఒకటి తిరగబడింది. ముగ్గురు దొరకలేదు...

నవమి, శనివారం

ఎవరికీ చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఊరంతా వచ్చింది. హుసేనప్ప సన్నాయి ఊదాడు. ప్రతి శనివారం ఊదేవాడే, వాళ్ల నాయన కాలం నుంచి. దూదేకుల వాడు, మిగతా రోజులు దూది ఏకుకుంటాడు. ఆంజనేయస్వామి రెండు భుజాల మీద గంధంతో రెండు గన్నేరు పూలు అంటించాను, మా నాయన నేర్పినట్టే. గంధం ఆరుతుంటే ఏదో ఒకటి రాలుతుంది. ముందు రాలిందే స్వామి మాట. పెళ్లి సంబంధాలు, బావి తవ్వే చోట్లు, అన్నదమ్ముల పాళ్లు అన్నీ ఇట్లాగే తెగాయి మా ఊళ్లో.

పటేలు అందరికీ వినబడేటట్టు అన్నాడు: "కుడి పువ్వు పడితే ఉందం. ఎడమ పువ్వు పడితే ఏరు దాటుదం. మళ్ల ఎవ్వరు మాట్లాడొద్దు."

ముప్పై ఏళ్లలో ఎన్నడూ చేయని పని చేశాను. ఎడమ పువ్వుకు చిక్కటి గంధం పెట్టి బొటనవేలితో ఒత్తాను. కుడి పువ్వుకు నీళ్లలాంటి గంధం. లచ్చమ్మ పుట్టిలో కూర్చున్నట్టు కళ్లకు కట్టింది. అంతే. చెయ్యి దానంతట అదే పోయింది.

కుడిదే పడింది.

"స్వామి ఉండుమన్నడు!" ఒకటే కేకలు. సాలె ఈరన్న అప్పటికే మగ్గం విప్పి బండి మీద వేసి ఉన్నాడు. రాలిన పువ్వు తీసుకుని కళ్లకు అద్దుకున్నాడు. "జర ముందుగాల చెప్పరాదా సామీ, మగ్గం మోసి నడుం ఇరిగె!" నవ్వుకుంటూ పోయి బండి విప్పాడు.

నేను గర్భగుడిలోనే ఉండిపోయాను. స్వామి ముఖం చూడలేదు.

దశమి

ఈరన్న మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది. అది వింటూ అన్నం తినలేను.

ద్వాదశి

హుసేనప్ప తమలపాకులు ఇచ్చిపోవడానికి వచ్చాడు. పోకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, నీ బొటనవేలు చూసిన."

సన్నాయి ఊదేవాడు నిలబడేది పక్కన. అక్కడి నుంచి నా చేతులు కనబడతాయి. ముప్పై ఏళ్లు ఆ సంగతి నాకు తోచనేలేదు.

"ఏం చూసినవ్?"

"ఏం లేదు. ఎడమ దిక్కు గంధం మస్తు ఖర్సు చేసినవ్."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాడూ ఆపాడు. "పరేషాన్ గాకు. నా బిడ్డకు నెలలు నిండినా నేను గట్లనే చేస్తుంటి. నా నోట్లకెల్లి రాదు."

పోయేటప్పుడు వెనక్కి తిరిగి, "గని అన్నా, వాళ్లు నిజంగ వస్తే?" అన్నాడు.

బహుళ పాడ్యమి

రాలేదు. ఇంకా రాలేదు. రోజూ గుడి మెట్టు మీద నిలబడి బండ్ల బాట వైపు చూస్తున్నాను. దుమ్ము లేస్తే లోపలికి పోయి తలుపు వేసుకుంటున్నాను. మేకల మందే అయినా సరే.

బహుళ పంచమి

వచ్చారు.

పొద్దు నడినెత్తికి రాకముందే. గుర్రాల మీద కొందరు, కాలినడకన కొందరు. పటేలు ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టారు. వాళ్ల జమాదారు ఊళ్లో జెండా ఎవరు దాచారో చెప్పమన్నాడు. ఎవరూ చెప్పలేదు. దాచింది ఎవరో నిజంగానే నాకు తెలియదు.

"నవాబు సాబుకు ఈ రాజ్యం దేవుడిచ్చిండు. దిల్లీ వాళ్లెవరు గుంజుకోనీకి?" అన్నాడు జమాదారు. ఆ మాట మీద అతనికి ఎంత నమ్మకమో కళ్లలోనే కనబడింది. గుడి ముందు పటేలు గొంతు కూడా ఇంతే గట్టిగా ఉండింది.

ఈరన్న ఇంట్లో నేసిన మూడు రంగుల బట్ట దొరికింది. తానులో చుట్టి పెట్టాడు. చేతులు వెనక్కి కట్టి తీసుకుపోయారు. నా ముందు నుంచే పోయాడు. నన్ను చూసి, "పూజారీ, భయం లేదు, స్వామి ఉండుమన్నడు గద" అన్నాడు.

నన్ను ధైర్యపరచడానికి అన్నాడు.

షష్ఠి

ఈరన్న రాలేదు.

అష్టమి

రాలేదు. ఆ రోజు బండి విప్పకపోతే ఈపాటికి కర్నూలులో మగ్గం బిగించుకునేవాడు.

ఏకాదశి

ఈరన్న భార్య కొబ్బరికాయ తెచ్చింది. నన్నేమీ అడగలేదు. కాయ కొట్టమని చేతికిచ్చి, "స్వామి ఉండుమన్నడంటే ఏదో చూసే అన్నడు. ఆయన మాట తప్పుతడా?" అంది స్వామిని చూస్తూ.

కాయ రెండు దెబ్బలకూ పగల్లేదు. మూడో దెబ్బకు చేతిలోంచి జారింది. ఆమే తీసి కొట్టుకుంది.

చెప్పాలి. పటేలుకైనా చెప్పాలి. చెబితే ఊరు నన్ను ఏం చేస్తుందో... అది కూడా కాదు. చెబితే ఆమెకు ఇంకేం మిగులుతుంది?

భాద్రపద శుద్ధ తదియ

లచ్చమ్మ కాన్పు అయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

సంతోషమే. పిల్లను చేతికిస్తే ఎత్తుకోలేదు. బొటనవేలు దాచుకున్నాను.

దశమి

దక్షిణం నుంచి చప్పుళ్లు. ఉరుములు కావు. మబ్బు లేదు. పొద్దంతా వినబడ్డాయి. పాత్రలు కదులుతున్నాయి. అందరూ తలుపులు వేసుకున్నారు. పసిదాని చెవులు లచ్చమ్మ అరచేతులతో మూసింది.

ద్వాదశి

కర్నూలు నుంచి దిల్లీ పటాలం వస్తున్నదట. ఖాకీ వాళ్లు చొక్కాలు విప్పి బావుల్లో పడేసి పారిపోతున్నారట. నిజమో కాదో.

చతుర్దశి

నిజమే. నవాబు లొంగిపోయాడట. ఎన్ని తరాల రాజ్యం — ఐదు రోజుల్లో.

గుడి ముందు ఊరంతా. డప్పులు. పటేలు నా భుజం మీద చెయ్యి వేసి అందరికీ చూపించాడు. "పక్క ఊళ్లకెల్లి ఏటి దిక్కుకు పోయినోళ్లు తుపాకుల నడుమ చిక్కిన్రంట. మనల్ని స్వామి ఈడనే ఆపిండు. దిల్లీల కూసున్నోళ్లు తెచ్చిన్రా పటాలాన్ని? స్వామి తెచ్చిండు! ఆనాడు లంక గాల్చినట్టు."

అందరూ నా కాళ్లు మొక్కుతున్నారు. వెనక్కి వెనక్కి పోయి గోడకు తగిలాను.

హుసేనప్ప సన్నాయి ఊదాడు. కానీ ఈసారి ఎవరూ వాడి దగ్గర నిలబడలేదు. చుట్టూ ఖాళీ.

బహుళ పాడ్యమి

ఈరన్న శవం దొరికింది. పాత బావిలో. ఇంకేమీ రాయలేను.

చవితి

పుకారు ఎక్కడ పుట్టిందో తెలియదు. గద్వాలలో ఖాకీ వేసుకున్న వాళ్లలో హుసేనప్ప మేనల్లుడు ఉన్నాడని. ఉన్నాడు, అది నిజం. ఈరన్న ఇంట్లో బట్ట ఉన్నదని చెప్పింది హుసేనప్పే అని. అది ఎవరు చూశారు? చూసినవాడు ఒక్కడూ లేడు. విన్నవాళ్లే అందరూ.

రచ్చకట్ట దగ్గర గుంపు. ఇల్లు కాలబెట్టాలని ఒకరు. ఊరు దాటించాలని ఒకరు. పక్క ఊళ్లో ఏం జరిగిందో ఒకడు చెప్పాడు. అది ఇక్కడ రాయను. అక్కడ ఊరు దాటించినవాళ్లను దారిలో బతకనిచ్చారా అని నేనొక్కణ్ణే అనుకున్నాను, లోపల.

పటేలు చేతులెత్తి ఆపాడు. ఆపినందుకు దండం పెడదామనుకున్నాను. అప్పుడు అన్నాడు: "మనం పాపం మోసుకునుడు ఎందుకు? శనివారం స్వామినే అడుగుదం. కుడి పువ్వు పడితే ఉంటడు. ఎడమ పువ్వు పడితే పోతడు. ఆయన జెప్పింది మొన్న తప్పిందా?"

తప్పలేదని అందరూ అన్నారు. ఈరన్న భార్య కూడా అక్కడే ఉంది. లేచి ఇంటికి పోయింది.

పంచమి

మధ్యాహ్నం హుసేనప్ప వచ్చాడు. నాలుగు రోజుల్లో ముసలివాడైపోయాడు. లచ్చమ్మ నీళ్లిస్తే గ్లాసు అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, నేను చెప్పలే. ఈరన్న నాకు బావ వరుస. వాని పెండ్లికి సన్నాయి నాదే."

"తెల్సు."

"నీకు తెలిస్తే చాలదు గద."

లచ్చమ్మ లోపలికి పోయాక గొంతు తగ్గించాడు. "ఇంట్ల ఆడోళ్లున్నరు. ముసలమ్మ నడవలేదు. జర... ఆనాడు పెట్టినట్టే పెట్టవా?"

మాటివ్వలేదు. కాదనలేదు. వాడు పోయాక చూస్తే గ్లాసులో నీళ్లు అట్లాగే ఉన్నాయి.

షష్ఠి

పటేలు ఇంటికి పోయాను. నా అంతట నేను ఆ ఇంటి గడప ఎక్కడం ఇదే మొదలు. అరుగు మీద పటేలు ఒక్కడే.

చెప్పేశాను. ఎట్లా చెప్పానో గుర్తు లేదు. గంధం, వేలు, లచ్చమ్మ — ముక్కలు ముక్కలుగా. "స్వామి చెప్పలే పటేలా. నేను ఒత్తిన. రేపు పువ్వు పెట్టొద్దు. ఇగ ఎన్నడు పెట్టొద్దు."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చాలాసేపు నా చేతుల వైపు చూశాడు. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి అతనికి.

"పిచ్చోడా. నీ వేలు ఒత్తిందెవరు? గా బుద్ధి నీకు ఎవరు పుట్టించిండ్రు? నువ్వు ఒత్తకపోతే ఏట్ల గలిసిపోతుంటిమి, తుపాకులకు చిక్కుతుంటిమి. ముప్పై ఏండ్లు పూజ చేసిన చెయ్యి, ఆయన వాడుకున్నడు."

"మరి ఈరన్న?"

పటేలు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"అది గూడ ఆయన ఇష్టమే."

ఏం చెప్పినా దానికి ఒక చోటు ఉంది అతని దగ్గర. నా పాపానికి కూడా. నేను అరుగు దిగబోతుంటే వెనక నుంచి పిలిచాడు.

"రేపు నువ్వే పెట్టాలె నర్సన్నా. ఇంకొగన్ని పెట్టనియ్య. నీ చేతికి ఎట్ల తోస్తే గట్ల పెట్టు. అదే స్వామి మాట."

సప్తమి, శనివారం

తెల్లవారింది. స్నానం చేశాను. గంధం తీశాను. ఒక గిన్నెలో చిక్కగా, ఒక గిన్నెలో పలచగా. ఎందుకు రెండు తీశావు నాయినా అని లచ్చమ్మ అడిగింది.

హుసేనప్ప ఉండాలని ఎడమది ఒత్తితే కుడిది పడుతుంది. వాడు బతుకుతాడు. ఇక ఆ తర్వాత ఈ ఊళ్లో ఎవరి పీక మీదికి వచ్చినా పటేలు నా దగ్గరికే వస్తాడు. నా చెయ్యే స్వామి అంటాడు.

ఒత్తకుండా రెండూ సమానంగా అంటించి పక్కకు తప్పుకుందామా అని కూడా అనుకున్నాను. నిజంగా ఆయనకే వదిలేద్దామని. ముప్పై ఏళ్లుగా అందరికీ చెప్పింది అదే కదా, ఆయనకే వదిలెయ్యండి అని.

వదలడానికి భయమేస్తున్నది. ఎడమది పడితే?

గుడి దగ్గర జనం చేరారు. పటేలు గొంతు వినబడుతున్నది.

పిలుస్తున్నారు.