రాజు చెంప మీద నేను పెట్టిన గాటు

పుప్పాలగూడ నివాసి, రాజయ్య కొడుకు, అవుసుల రామచంద్రం అనే నేను, బంగారం పని చేసేటోన్ని, వయసు డెబ్బై ఆరు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతం లేకుండ రాయిస్తున్న వీలునామా ఇది. బీపీ ఉన్నది, మతిమరుపు లేదు.

1. పాత ఇల్లు బిల్డర్‌కు ఇస్తే వచ్చిన ఫ్లాటు నా కొడుకు నరేందర్‌కు చెందుతుంది. ఈ వీలునామా అమలు బాధ్యత కూడ వానిదే. గీటురాయి, త్రాసు, సుత్తెలు అమ్మవద్దు. బాల్కనీల ఉన్న నా పనిబల్లను చెప్పుల స్టాండు చేస్తే మాత్రం ఊకోను.

2. మూడో అంతస్తు శ్రీనివాసరావు గారికి నా డబ్బాలోని ఇరవై రెండు రోమ్ నాణేలు. అన్నీ నకిలీవే. పోత పోసినవి, అంచు మీద అతుకు గీత కనబడుతది. అసలువి ముద్ర పెట్టి దెబ్బ కొట్టినవి. ప్రతి ఆదివారం ఒకటి తెచ్చి, ఇది కచ్చితంగా అసలుదేనండీ అనుకుంట నా చాయ్ తాగి, దాన్ని నా కాడనే విడిచి పోయిండ్రు. ఆయన రాని ఆదివారం నాకు పొద్దుపోదు.

3. మనుమరాలు హరితకు నా భూతద్దం. హైటెక్ సిటీ ఆఫీసుల కంప్యూటర్ మీద నాణెం ఫోటోను తలుపంత చేసి చూసే పిల్లకు ఇదెందుకో నాకు తెల్వదు. అయినా ఉంచుకోవాలె.

4. ఇగ అసలు సంగతి. మా అక్క కనకలక్ష్మికి, రాజుల కాలందని చెప్పి వాళ్ల అత్త ఇచ్చిన బంగారు నాణెం ఉండేది. మీద రోమ్ రాజు తల, పైన గొలుసుకు చెవి. నలభై ఒక్క ఏండ్ల కింద, మా ఇంట్ల పెండ్లిల, అందరి ముంగట దాన్ని తీసుకొని, లోపల వేరే లోహం ఉన్నదేమోనని మా అవుసులోళ్ల అలవాటు కొద్ది రాజు చెంప మీద ఉలితో గాటు పెట్టిన. బంగారం మంచిదే. కాని చుట్టూ అక్షరాలు ఉండాల్సిన కాడ ఉత్త గీతలు. రాజు నకిలీ అని నవ్విన. అందరూ నవ్విండ్రు. అక్క నాణెం నా చేతుల్నే వదిలి పోయింది. అప్పటి సంది ముక్కుపుల్లకు కూడ హఫీజ్‌పేట్ అవుసులాయన కాడికే పోతది.

పోయిన నెల హరిత, నాణేల గురించి చదివిన మేడమ్‌ను తోలుకొచ్చింది. ఆమె తూచి, అంచు చూసి, గీతలు చూసి చెప్పింది. ఇది రోమ్‌ల చేసింది కాదు. అసలు నాణెం చూసి, దాదాపు పద్దెనిమిది వందల ఏండ్ల కింద, మన దిక్కు అవుసులాయనెవరో మెడల వేసుకునేందుకు చేసింది. ఆయనకు ఆ లిపి రాదు, అందుకే గీతలు గీసిండు. మనోని పనిని నేనే ఎక్కిరించిన. అక్కా, మీ అత్త చెప్పినట్టు అది రాజుల కాలందే. తప్పు నాది, నాణెం నీది.

5. నాలుగో దఫాల నాణెం ఇచ్చుడు రద్దు. తప్పు ఒప్పుకునుడు అట్లనే ఉంటది. కారణం: ఈ కాగితానికి తానే సాక్షి సంతకం పెడతనని అక్క పట్టుబట్టింది. ఆస్తి తీసుకునే మనిషి సాక్షి అయితే రేపు పేచీ వస్తదన్నడు లాయర్ సాబ్. జర ఆలోచించక్కా అంటే వినదు. అందుకని నేను పోయేదాంక ఆగకుండ ఈ పొద్దే ఇచ్చిన. గొలుసు నేనే అల్లిన, నేనే మెడల వేసిన. గాటును సాపు చేస్తనంటే చెయ్యనియ్యలేదు. చూసినప్పుడల్లా నాకు యాదికి రావాలెనంట.

తేదీ: 12 సెప్టెంబర్ 2025, పుప్పాలగూడ
సంతకం: అవుసుల రామచంద్రం

సాక్షులు:
1. డాక్టర్ సురేంద్ర, బీపీ చూసేటాయన.
2. కనకలక్ష్మి, అక్క. నాలుగో దఫా రెండుసార్లు చదివించుకొని సంతకం పెట్టిన. నా ముక్కుపుల్ల వదులైంది తమ్మీ, సోమవారం తెస్త.