అన్నయ్య తీసిన కలుపు

చి.ల.సౌ. చెల్లాయికి,
అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది.

చలి తన దుప్పటి మడిచి వసంతానికి గది ఖాళీ చేస్తున్న ఈ వేళ, కూతురి పురుటికని నువ్వు బావతో తరలివెళ్లగా, నువ్వు వదిలిన పన్నెండు కోడిపిల్లలకూ ఒక టమాటా మడికీ నేను సంరక్షకుడినైన సందర్భమిది. దీన్ని చిల్లర పనిగా ఎంచేవారు ఎంచుగాక. ప్రాణమున్నదాన్ని పెంచడం కంటె పెద్ద కావ్యం లేదు. జీవితమంతా కావ్యాలు పాఠం చెప్పినవాణ్ణి గనుక ఆ మాట అనే అధికారం నాకుంది.

ఫోను చెయ్యమన్నావు. ఫోనులో నా వాక్యానికి క్రియాపదం వచ్చేలోగా నువ్వు "ఊఁ, ఇంకా?" అంటావు. అందుచేత ఉత్తరం.

పిల్లలు వసారాలో, అట్టపెట్టెలో, బల్బు కింద క్షేమం. వాటి వెనకభాగాలకు రెట్ట అంటుకుపోతే గోరువెచ్చని నీటితో తుడవమన్నావు. తుడుస్తున్నాను. తాళపత్రాల మీది ధూళి తుడిచిన చేతులివి. ఇది ఫిర్యాదు కాదు, కేవలం పోలిక.

మడిలో కలుపు తీశాను. ఏది మొక్కో ఏది కలుపో పక్కింటావిడను అడగమన్నావు. అడగలేదు. గుణదోష విచారణ నా వృత్తి. పీకినదంతా పెరట్లో పొట్టుకుప్ప మీద పారేశాను.

ఇట్లు,
అన్నయ్య

తా.క.: రోజూ ఉదయం పిల్లలకు పద్యం వినిపిస్తున్నాను. మూడో పాదానికి నిద్రపోతున్నాయి. నా పూర్వ విద్యార్థులు మొదటి పాదం దాటేవారు కారు.

*

అన్నయ్యకి నమస్కారాలు.

కలుపు తీశావా! నువ్వా! మీ బావకి చదివి వినిపిస్తే కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు.

ఒక మాట చెప్పకుండా వచ్చేశాను. ఆ నారు అమ్మ విత్తనం. అమ్మ ఏటా పండు పిండి, గింజలు బూడిదలో ఆరబెట్టి దాచేది చూడు, ఆ టమాటా. చివరి చిటికెడు ఈసారి నారు పోసేశాను. ఇంకెక్కడా ఒక్క గింజ లేదు. పుట్టబోయే బిడ్డకి ముత్తవ్వ చేతి పంట తినిపించాలని నా ఆశ. అందుకే ఇల్లు ఎవరికో కాకుండా నీకు అప్పగించాను.

కోడిపిల్లల్ని మాత్రం మడి దగ్గరికి రానివ్వకు. ఒక్క మొక్క తిన్నా సరే, వచ్చిన రోజే వాటిని గుడ్ల కొట్టతనికి ఇచ్చేస్తాను. నా మాట తెలుసుగా.

నీ చెల్లి

తా.క.: బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలేస్తున్నట్టు, దూరంగా పోతే ఉడుకుతున్నట్టు. అన్నీ ఓ మూల చేరి నీకు వీపు పెడితే అది బల్బు వల్ల కాదు. పద్యం ఆపెయ్.

*

చి.ల.సౌ. చెల్లాయికి ఆశీస్సులు.

అమ్మ విత్తనమని తెలిశాక మడి చుట్టూ చెప్పులు విడిచి తిరుగుతున్నాను. నిశ్చింతగా ఉండు. మొక్కలు నున్నగా, నాజూకుగా, తల వంచి వినయంతో పెరుగుతున్నాయి. నేటి ఉదయం నీలిపూలు పూశాయి. చూస్తూ అమ్మను తలుచుకుని కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

నేను పీకిన కలుపు సంగతి చెప్పాలి. ఒళ్లంతా నూగు, ముడితే వేళ్లకు పసరు కంపు. దుర్జన లక్షణాలన్నీ ఒకచోట. కోడిపిల్లలు సైతం దాని వాసనకు ముఖం తిప్పుకున్నాయి.

ఇట్లు,
అన్నయ్య

తా.క.: ఆ కలుపు ఒక విషయంలో నన్ను ఆశ్చర్యపరిచింది. ముక్కుసూటిగా, సమానమైన ఎడంతో, వరుసల్లో మొలిచింది. దుర్మార్గానికి ఎంత క్రమశిక్షణ!

*

అన్నయ్యా!

వరుసల్లో మొలవడమేమిటి? తాడు కట్టి నాటాను! నూగు, పసరు కంపు, అదే టమాటా! టమాటాకి నీలిపూలు ఎక్కడైనా పూస్తాయా? ఇంతకాలం తిన్నావు కదా, ఒక్కసారైనా మొక్క మొహం చూళ్లేదా?

తిట్టడానికి కూడా ఓపిక లేదు. అమ్మ ఇంకోసారి పోయినట్టుంది.

నీ చెల్లి

తా.క.: నీ ఉత్తరం చదివి అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే నొప్పులు మొదలయ్యాయి. ఇది పోస్టు చేసేలోపు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. నీ మీద కోపం కూడా క్షేమం.

*

చి.ల.సౌ. చెల్లాయికి,
అపరాధి అయిన అన్నయ్య వ్రాయునది.

నీ ఉత్తరం అందడానికి ముందురోజు ఇక్కడ ప్రళయం జరిగింది. పద్యంలో చివరి పాదం వెతుక్కుంటూ వసారా తలుపు వెయ్యడం మరచాను. ఈకలొచ్చిన పన్నెండూ మడి మీద పడ్డాయి. నేను గొడుగుతో చేరేసరికి ఒక్క నీలిపువ్వు మిగలలేదు. అమ్మ పంట పోయిందని దుఃఖం. గుడ్ల కొట్టతను తలపుకొచ్చి భయం. ఈ పిల్లలు నా వెనకే నడుస్తాయి, నా చెప్పుల్లో పడుకుంటాయి. వాటిని కాపాడడానికి, మొక్కలన్నీ నేనే తిన్నానని నీకు రాద్దామని నిశ్చయించుకున్నాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. అవి తిన్నది కలుపు! ఈ ఇంట్లో కలుపు తీయడం తెలిసినవి ఆ పన్నెండే.

వెంటనే పొట్టుకుప్ప దగ్గరికి పరుగెత్తాను. రోజూ పిల్లల నీటి గిన్నె కడిగి నేను ఒలకబోసేది అక్కడే. పారేసిన మొక్కలు పడ్డచోటే, ఆ తడి పొట్టులో కాండం పొడవునా వేళ్లు దింపుకున్నాయి. ఎక్కువ భాగం ఎండిపోయాయి. ఏడు నిలిచాయి. ఒకదానికి పసుపు మొగ్గ! తలుపు దాటిన రోజు పిల్లలు ఈ కుప్పనూ కెలికాయి, కానీ వాటిని ముట్టలేదు. నేను నేరంగా రాసిన ఆ కంపే వాటిని కాచింది. పక్కింటావిడను పిలిచాను. ఆవిడ ఆకు నలిపి వాసన చూసి, "టమాటానే అన్నయ్యగారూ, ఇక మీరు ముట్టుకోకండి" అన్నారు. ముట్టుకోవడం లేదు.

ఇట్లు,
అన్నయ్య

తా.క.: నా ఉత్తమ శిష్యుడు నేటి తెల్లవారుజామున తొలిసారి గొంతు విప్పాడు. పన్నెండూ పెట్టలే అన్నావే, అతడు పుంజు. ఛందస్సు లేదు, ఉత్సాహముంది. పక్కింటావిడ తలుపు తట్టి, "మీరు చదివిందే నయం" అన్నారు. నా పద్యానికి అందిన తొలి ప్రశంస.

మరొక తా.క.: కంగారులో పాపకు ఆశీస్సు రాయడం మరచాను. ఎవరు ఏమని ఎంచినా, ఎక్కడ విసిరినా, పడ్డచోటే వేళ్లూనుకునే బలం ఆ చిట్టితల్లికి కలుగుగాక. ముత్తవ్వ పండు ఆమె చేతికి అందుగాక. ఆమె తరువాత వచ్చేవారికీ ఒక చిటికెడు విత్తనం మిగులుగాక.