సగం ఆట

హైదరాబాద్

ప్రియమైన బాపూ,

ఫోనులో మన మాటలు రెండు దాటితే మూడోది కొట్లాటే. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. మధ్యలో "ఇగ చాలు" అనకుండా చివరిదాకా చదువు.

మా క్లబ్బు ఈ ఏడాది ఐదు దేశాల హ్యాండ్‌బాల్ లీగ్‌లో ఆడుతోందని చెప్పాను కదా. ఆఖరి మ్యాచ్ నువ్వుండే మస్కట్‌లోనే! వచ్చే శుక్రవారం సాయంత్రం. నేను గోల్‌కీపర్‌ని. నేను ఆడుతుంటే నువ్వు ఒక్కసారీ చూడలేదు. నువ్వు సెలవు మీద ఊరికి వచ్చినప్పుడల్లా నేను ఏదో ఒక క్యాంపులో ఉండేదాన్ని.

ఆ బంతాట మాని నర్సింగ్‌లో చేరమంటున్నావు. సరే, వచ్చి చూడు. చూశాక కూడా మానమంటే మానేస్తాను, ఒట్టు. వచ్చే ఏడాది కాంట్రాక్టు మీద అప్పటిదాకా సంతకం పెట్టను. ముందు వరసలో నీకు సీటు పెట్టించాను. ఆట అవగానే నా దగ్గరికి రా, ఆ రాత్రే మా విమానం.

నీ మొండి బిడ్డ,
సంధ్య

సీబ్, మస్కట్

బంగారు తల్లి సంధ్యకు,

నీ ఉత్తరం రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను. "నేను గూడ వస్త మామా" అని అంజి ఎగిరాడు గానీ, పాపం వాడికి డ్యూటీ పడింది. శుక్రవారం నాకు ఓవర్‌టైమ్ వద్దని మా ఫోర్‌మన్ జావెద్‌ను అడిగితే, "బేటీ ఖేల్ రహీ హై? జా భాయ్, జా!" అని వెంటనే ఒప్పుకున్నాడు.

నాకు మీ ఆట ఓనమాలు కూడా తెలియవు. ఫుట్‌బాల్ అయితే జావెద్ పక్కన కూర్చుని చూస్తుంటాను. బంతి లోపలికి పోకుండా ఆపాలి, అంతే కదా? చూసి చెప్తాను. మానమనాలని నాకేం సరదా కాదు బిడ్డా, దెబ్బలు తగులుతాయనే నా భయం.

నీ బాపు,
ఇస్తారి

సీబ్

నా తల్లీ సంధ్యా,

అన్నం తిన్నావా? నువ్వు ఫోన్ చేస్తూనే ఉన్నావు. ఎత్తే ధైర్యం లేక రాస్తున్నాను.

వచ్చాను, చూశాను. నువ్వు చేతులు చాపి నిలబడితే నా కడుపు నిండింది. ఆ తర్వాత గోల్ మీద గోల్. ఫుట్‌బాల్‌లో మూడు పడితేనే కీపర్‌ను తిట్టిపోస్తారు. నీ మీద పడ్డవి పదిహేను దాకా లెక్కపెట్టి మానేశాను. ఒక బంతి నీ మొహానికే తగిలింది. నా పక్కన కూర్చున్న ఈజిప్టు పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. వెక్కిరిస్తున్నాడనుకుని వాడి మీదికి పోయినంత పని చేశాను.

బిడ్డ పరువు పోతుంటే కన్నతండ్రి ఎదురుగా కూర్చుని చూస్తే ఇంకెంత సిగ్గు? అందుకే సగం ఆటకే లేచి వచ్చేశాను. రూమ్‌లో "మస్తు ఆడింది" అనే చెప్పాను. నిన్ను ఒక్క మాట అనను. నువ్వు మాటిచ్చావు కదా, ఇక మానెయ్ తల్లీ.

నీ బాపు,
ఇస్తారి

హైదరాబాద్

ప్రియమైన పిచ్చి బాపూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత తలుపేసుకుని ఏడ్చాను.

ఇది ఫుట్‌బాల్ కాదు బాపూ! ఇందులో కీపర్ మూడింటిలో ఒకటి ఆపితేనే గొప్ప. నా మీద ఇరవై ఆరు పడ్డాయి, మా వాళ్లు ఇరవై ఏడు వేశారు. గెలిచాం! మొహానికి తగిలితేనేం, బంతి లోపలికి పోలేదు. ఆ పెద్దమనిషి చప్పట్లు కొట్టింది నాకే.

బెస్ట్ ప్లేయర్ కప్పు నాకే ఇచ్చారు. "మా బాపు ఇక్కడే ఉన్నాడు, ఆయన చేతుల మీదుగా ఇవ్వండి" అని అడిగాను. మైకులో నీ పేరు పిలిచారు. సీటు ఖాళీ. బాత్రూమ్‌కి పోయాడు, వస్తాడు అని వాళ్లను ఆపాను కూడా. చివరికి ఎవరో సూటాయన ఇచ్చాడు. ఆట ఎలా ఉంటుందో ముందే నాలుగు ముక్కలు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! నాకూ తోచలేదు.

చూశాక మానమంటే మానేస్తానన్నాను. నువ్వు చూసింది సగమే, సగం చూసి చెప్పిన మాట చెల్లదు. నిన్న సంతకం పెట్టేశాను. వచ్చే ఏడాది మాత్రం మస్కట్‌లో మ్యాచ్ లేదట.

నీ బిడ్డ,
సంధ్య

సీబ్

సంధ్య తల్లికి,

సంతకం పెట్టి మంచి పని చేశావు. నా మాట వినలేదు, బతికిపోయాను.

అంజి ఆ మ్యాచ్ వీడియో ఎక్కడో వెతికి పట్టాడు. రూమ్‌లో అందరం కూర్చుని చూశాం. నేను లేచి వచ్చాక నువ్వు ఆపినవన్నీ ఇప్పుడు చూశాను. చివర్లో మైకులో "మిస్టర్ ఇస్తారి" అన్నారు. ఈ దేశంలో నన్ను మిస్టర్ అని ఎవరూ పిలవలేదు బిడ్డా. నువ్వేమో కప్పు వైపు చూడకుండా సీట్ల వైపే చూస్తున్నావు.

రెండోసారి పిలిచేసరికి, నాకు తెలియకుండానే మంచం మీంచి లేచి నిలబడ్డాను.

"కూసో మామా, అది అయిపోయింది" అన్నాడు అంజి.

నీ బాపు,
ఇస్తారి