అమ్మ కొనమన్న సైకిల్

రామచంద్రపురం దగ్గర, మన పేట నుంచి
శుక్రవారం, డిసెంబరు 2004

ప్రియమైన కృపకు,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేనూ, మా అమ్మా, మన బేబీ బాగానే ఉన్నాం. కువైట్‌లో నువ్వూ బాగున్నావనీ, నువ్వు పనిచేసే ఇంటి మేడమ్ గారి కోపం కాస్త తగ్గిందనీ తలుస్తున్నాను. "బాగానే" అన్నానంటే దాని వెనక ఏదో ఉందని నువ్వు ఇట్టే పట్టేస్తావు. ఉంది. ఫోనులో చెబుదామంటే ఆ ఫోను శ్యామలాంబ గారి హాల్లో ఉంది, మనం మాట్లాడేదంతా ఆ ఇంటిల్లిపాదీ వింటారు. అందుకే కాగితం పట్టాను. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మా అమ్మ కంటి ఆపరేషన్ బాగా అయింది. ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి కాబట్టి నేను కడిగిన గిన్నెలు మళ్ళీ కడుగుతోంది. గేదె ఈనింది, పెయ్యదూడ. సార్వా వరి కోత, నూర్పు అయిపోయాయి గాని, తేమ ఉందని కొనేవాళ్ళు మొహం తిప్పేస్తున్నారు. రోజూ ఆరబోసే పనే. ఇప్పుడు కూడా మన చర్చి ముందు సిమెంటు గచ్చు మీద ధాన్యం పోసి, కాళ్ళతో తిరగేసి, నీడలో కూర్చుని రాస్తున్నాను. రోడ్డు మీద పోసుకోక చర్చి దాకా ఎందుకు మోశారని అడుగుతావు. దానికే వస్తున్నాను.

"అన్నీ రాస్తారు, సైకిల్ సంగతి మాత్రం రాయరేంటండీ" అని దెప్పావు. కొన్నాం. రాజమండ్రిలో పల్లంరాజు గారి షాపులో కొన్నాం. నువ్వు పంపిన డబ్బుకి సరిపోయేవి రెండే ఉన్నాయి. ధరలో పెద్ద తేడా లేదు, తేడా అంతా బండిలోనే. ఒకటి రేసు సైకిల్. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందకి వంగి ఉంటుంది, టైరు నా బొటనవేలంత సన్నం. క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు, ఆఖరికి స్టాండు కూడా లేదు. అంత డబ్బు పోసి కొన్నాక గోడకి ఆనించుకోవాలట! రెండోది చూడ్డానికి మనిషి తొక్కే సైకిల్‌లా ఉంది. గేర్లున్నాయి, టైరు కాస్త లావు, నిటారుగా కూర్చోవచ్చు.

"ఇది హైబ్రిడ్డండి, రెంటికీ మధ్యరకం" అన్నారాయన. "కాలవ గట్టు మీదైనా, గ్రావెల్ మీదైనా పోద్దండి. పిల్ల రోజూ కాలేజీకెళ్ళడానికి బంగారంలాంటి బండి. పోటీల్లో మాత్రం కొంచెం వెనకబడుద్దండి. తారు రోడ్డు మీద ఆ రేసు బండి ముందు ఇది నిలవదు."

హైబ్రిడ్ అంటే నాకు తెలిసింది టమాటా విత్తనాలే. ఆ మాట నువ్వు ఫోనులో అన్నప్పుడు కూడా నవ్వాను. నీకు కువైట్‌లో డ్రైవరబ్బాయి ఎవరో చెప్పాడట. "మధ్యరకమే కొనండి, ఆ వంగి తొక్కే సైకిల్ మాత్రం వద్దండి, దాని మీంచి పడితే మొహమే పగులుద్ది" అన్నావు. నాకు బాగా గుర్తుంది.

అయినా రేసు సైకిలే కొన్నాను కృపా.

షాపాయన రెండూ తొక్కి చూడమన్నాడు. బేబి హైబ్రిడ్ ఎక్కి గోదావరి గట్టు దాకా వెళ్ళొచ్చి "బాగుంది నాన్నా" అంది. రేసుది ఎక్కి వెళ్ళి ఎంతకీ రాలేదు. నేనూ షాపాయనా రోడ్డు మీదకొచ్చి ఎదురు చూస్తూ నిలబడ్డాం. వచ్చింది, దిగింది. చెయ్యి మాత్రం హ్యాండిల్ మీంచి తియ్యలేదు. కాలేజీ పోటీల్లో ఎవరి సైకిలో అడిగి తెచ్చుకుని మొదట వచ్చిన పిల్ల. వచ్చే సోమవారం కాకినాడలో యూనివర్సిటీ సైకిల్ టీముకి ఎంపిక. మన ఊరికి కొత్త తారు రోడ్డు కూడా పడింది కదా, అద్దంలా ఉంది, ఇంక దీనికేం భయం అనుకున్నాను. ఆ రోడ్డు కోతల్లో ఏమవుతుందో పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్న నాకు ఆ క్షణాన తట్టలేదు చూడు!

కోతలైతే మన ఊళ్ళో తారు రోడ్డే కళ్ళం. చంద్రరావు గారి లాంటి పెద్ద రైతులకి సిమెంటు కళ్ళాలున్నాయి, కౌలు చేసుకునే మనకెక్కడివి? సగం రోడ్డు బళ్ళకి, సగం రోడ్డు ధాన్యానికి. చుట్టూ రాళ్ళు పేర్చి పెడతాం, బస్సులు ఎక్కించకుండా.

మంగళవారం సాయంత్రం బేబి ప్రాక్టీసు చేసి వస్తోంది. వంతెన దిగే మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. పక్కకి తిప్పింది. ఆ పక్కంతా ధాన్యం. సన్న టైరు గింజల మీద నిలుస్తుందా? జర్రున జారి, చివర పెట్టిన రాయికి కొట్టుకుంది. నేను పార వదిలేసి పరిగెత్తాను. గడ్డం కింద చీలింది, మోకాళ్ళు దోక్కుపోయాయి. ఎముకలకేం కాలేదు, ఒట్టు. ఆసుపత్రిలో కుట్లు వేశారు. తొక్కొచ్చా అని అది డాక్టరు గారిని అడిగితే, "తొక్కమ్మా, పడకు" అన్నాడు. ఆయన మాట ఆయనకి తేలిక.

ఆ ధాన్యం మనది. ఆ రాయి నేను పెట్టింది. లేవదీస్తే నీ కూతురు మొదట అన్న మాట ఏంటో తెలుసా? "నాన్నా, నెత్తురంటిన గింజలు పక్కకి తీసెయ్, కొనేవాళ్ళు వంక పెడతారు." నేను భుజం మీది తువ్వాలు తీసి దాని గడ్డానికి కట్టాను.

మర్నాడే షాపుకి ఫోన్ చేశాను. పల్లంరాజు గారు మంచివాడు. "శనివారంలోగా తెచ్చెయ్యండి, రిమ్ము వంకర నేను చూసుకుంటాను, హైబ్రిడ్ తీసుకెళ్ళండి" అన్నారు. ఆ మాట బేబితో చెప్పాను. అరుస్తుంది అనుకున్నాను. అరవలేదు. కుట్లు లాగుతాయని మెల్లిగా మాట్లాడుతోంది.

"మార్చను నాన్నా. ఇది అమ్మ కొనమన్న సైకిల్."

ఇదీ నేను ఇంతసేపూ చెప్పలేక తిప్పుతున్న సంగతి. షాపులో డబ్బు కట్టే ముందు బేబి నా చెయ్యి పట్టుకుని "అమ్మ ఏది కొనమంది నాన్నా?" అని అడిగింది. హ్యాండిల్ మీద ఉన్న దాని రెండో చెయ్యి చూశాను. "ఇదే" అన్నాను. నీ మాట అబద్ధం చేశాను. అప్పుడు దాని మొహం నువ్వు చూడాల్సింది కృపా. "అమ్మా? నిజంగా అమ్మే అందా?" అని రెండుసార్లు అడిగింది. వర్షంలో గొడుగు లేకుండా పంపని అమ్మ, కాలవలో ఈత నేర్వనివ్వని అమ్మ. బస్సులో వస్తూ అంది: "అమ్మకి నా మీద ఇంత నమ్మకం ఉందని నాకు తెలీదు నాన్నా."

ఇప్పుడు దాన్ని ఆ సైకిల్ దింపాలంటే నా దగ్గర ఒక్కటే దారి. అమ్మ అలా అనలేదు, వద్దంది అని చెప్పాలి. చెబితే రేపే హైబ్రిడ్ వస్తుంది. పిల్ల క్షేమంగా కాలేజీకి వెళ్ళొస్తుంది, సోమవారం కాకినాడలో వెనకబడుతుంది. చెప్పకపోతే ఆ సన్న టైర్ల మీదే వెళ్తుంది. పోటీ జరిగే దారి కూడా పల్లెల మధ్య నుంచేనట. అక్కడ ఏ మలుపులో ఎవరి ధాన్యం పోసి ఉందో నాకేం తెలుసు? నాకు భయంగా ఉంది.

మన ధాన్యం చర్చికి మోసేశాను. పాస్టరు గారు ఆదివారానికి ఖాళీ చెయ్యమన్నారు. పొద్దున్నే చీపురు పట్టుకుని వంతెన దాకా రోడ్డు మీద చెదిరిన గింజలు ఊడుస్తున్నాను. ముసలయ్య, వాడి ధాన్యం పక్కనే ఉంది కదా, "నీ కూతురు సైకిలు తొక్కుద్దని మేం ధాన్యం నెత్తిన పోసుకోవాలా?" అని కేకలేశాడు. కిందటి వారం బస్సు డ్రైవరుతో నేనూ ఇంచుమించు ఇలాగే అన్నాను కాబట్టి నోరు మూసుకుని ఊడ్చాను. ఈ పొద్దున్న బేబి ఆ ఊడ్చిన దారిలోంచి నన్ను దాటి వెళ్ళింది. గడ్డానికి కట్టు, తల దించి, పళ్ళు బిగపట్టి. రిమ్ము తనే టౌనుకి తీసుకెళ్ళి సరిచేయించుకుంది. నా వైపు చూడలేదు, రోడ్డే చూస్తోంది.

అప్పుడు నిర్ణయించుకున్నాను. రేపు షాపుకి వెళ్ళడం లేదు. చెప్పడమూ లేదు.

ఈ ఉత్తరం నీకు అందేసరికి సోమవారం దాటిపోయి ఉంటుంది. క్రిస్మస్ రోజు నువ్వు ఫోన్ చేస్తే బేబి నాకంటే ముందే శ్యామలాంబ గారింట్లో ఉంటుంది. టీములోకి వచ్చినా రాకపోయినా నిన్ను మొదట ఏమడుగుతుందో నాతో చెప్పేసింది. "అమ్మా, నేను దాన్ని తొక్కగలనని నీకెలా తెలిసింది?" అని అడుగుతుందట. నన్ను తిట్టాలనుంటే తర్వాత ఫోను నాకు ఇప్పించుకుని తిట్టు, ఎంతమంది వింటున్నా పడతాను. దానికి మాత్రం ఏం చెబుతావో ఆలోచించి పెట్టుకో కృపా.

ఇట్లు,
నీ మాట మార్చి చెప్పిన,
బేబి నాన్న
చిట్టియ్య