మౌనంలో నా వాటా

ఎడారిలోని మా ఆదివాసుల ఊరు ముల్గా బోర్ నివాసిని, అరవై ఎనిమిదో డెబ్బయ్యో ఏళ్ళున్న బెరిల్ మోరిసన్ అనే నేను, క్లినిక్ వరండాలో కూర్చుని, లాయరమ్మ చేత రాయిస్తున్న వీలునామా ఇది. గుండె బాగాలేదని నర్సు చెప్పింది. బుద్ధి గురించి ఏమీ చెప్పలేదు కనుక అది సరిగ్గానే ఉన్నట్టు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఇంతకుముందు వీలునామా రాయలేదు, కాబట్టి రద్దు చేయవలసిందీ లేదు.

1. నా చెల్లెలి కూతురు షెరీన్ దీన్ని అమలు జరపాలి. "నావల్ల కాదు పెద్దమ్మా, ఒలివమ్మతో ఎవరు పడతారు" అంది. నువ్వే పడాలి.

2. ఇందులో "ఆయన" అని ఉన్న ప్రతిచోటా, నాతో ఇరవయ్యారేళ్ళు కాపురం చేసిన మనిషి అని అర్థం. పేరు రాయాలని లాయరమ్మ మూడుసార్లు అడిగింది. పోయినవాళ్ళ పేరు మేము పలకము. కాగితం మీద కూడా పలకను.

3. నా టయోటా బండిని ఆయన తమ్ముడు వాలీకి సర్వహక్కులతో ఇస్తున్నాను. ప్రేమతో కాదు, దాని మూడో గేరు పడదు. కారణం కూడా రాయమన్నాను.

ఆయన చనిపోయిన చలికాలంలో, ఇల్లు ఖాళీ చేసి, చెట్టుకొమ్మలతో ఊడ్చి, ఊరికి తూర్పున ఏడుపు బస వేశాం. నాలుగు ఊళ్ళ నుంచి మనుషులు వచ్చారు. మొగుడు పోయిన ఆడది పూసుకునే తెల్లసుద్ద తడిపి నేను నుదుటికి పూసుకోబోతుంటే, ఇద్దరు కొడుకులను వెంటపెట్టుకుని ఒలివ్ రైలీ దిగింది. ఆయన మొదటి భార్య. నాకు ముందు తొమ్మిదేళ్ళుండి, తనే వదిలి వెళ్ళిపోయింది. అయినా ఆయనకు సరైన వరుస ఆమెదే, నాది కాదు. పెద్దలు సుద్ద గిన్నె నా చేతిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టారు. మాలో మొగుడు పోయిన ఆడది, పెద్దలు నోరు విప్పించేదాకా మాట్లాడదు. ఏం చెప్పాలన్నా వేళ్ళతోనే. వాలీ నా దగ్గరికి వచ్చి, "బెరిల్, నువ్వు మాట్లాడుకోవచ్చులే. ఆ మౌనం వదినది" అన్నాడు. ఆమెను వదినా అంటాడు. నన్ను ఇరవయ్యారేళ్ళూ పేరు పెట్టే పిలిచాడు.

నేను అతనికి జవాబు చెప్పలేదు. పదకొండు నెలలు ఎవరికీ చెప్పలేదు.

4. నా దుప్పట్లు, టీ కాచుకునే డబ్బా ఆడవాళ్ళ బసకు చెందాలి. డబ్బాకు ఒక పక్క సొట్ట ఉంది. అది నేను తన్నింది.

మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళుండే ఆ బసలో, ఒలివ్ పక్కకు సరిగ్గా ఎదురుగా నా పక్క పరిచాను. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. ఒలివ్ ఏడిస్తే నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. ఆమె జుట్టు భుజాల దాకా కోసుకుంటే నేను చెవుల దాకా కోసుకున్నాను. ఒకనాడు వేళ్ళెత్తి అడిగింది: "ఎవరి కోసమే ఈ వేషం?"

"ఇరవయ్యారేళ్ళు వండి పెట్టాను. నువ్వెన్నాళ్ళు పెట్టావు?" అని నా వేళ్ళు అడిగాయి.

ఆమె రెండు వేళ్ళు చూపించి, చెయ్యి పొట్ట మీద వేసుకుంది. నాకు పిల్లల్లేరు. అప్పుడు తన్నాను డబ్బాను. ముసలమ్మలు నవ్వు బయటికి రాకుండా దుప్పట్లు నోట్లో కుక్కుకున్నారు.

5. ఆయన టోపీ ఒలివ్ చిన్నకొడుకుకు. ఆయన వస్తువులన్నీ కాల్చేటప్పుడు దాన్ని పిండి డబ్బా వెనక దాచాను. తప్పే. ఆ అబ్బాయి నడిచిపోతుంటే వెనక నుంచి అచ్చం ఆయనే. అది నా కడుపున పుట్టాల్సిన నడక అనుకుని తల తిప్పేసుకునేదాన్ని. టోపీ కూడా పెడితే చూసి తట్టుకోలేను, అందుకని నేను పోయాకే ఇవ్వండి.

6. తినడానికి నేలలోంచి తేనెచీమలు తవ్వుకునే నా గడ్డపార ఒలివ్ రైలీకి. తనది వంగిపోయింది. నాదాని మీద ఎప్పటినుంచో కన్నుంది.

నోళ్ళు విప్పించే రోజున పెద్దలు ఉడుం మాంసం, రొట్టె, టీ తెచ్చి ఒలివ్ ముందు పెట్టారు. ఆమె నోటికి ముద్ద అందించి, ఇక మాట్లాడమన్నారు. నా ముందు ఏమీ పెట్టలేదు. నేను నేల చూస్తూ కూర్చున్నాను. ఇలాగే చచ్చేదాకా మూగగా ఉండిపోవాలేమో అనుకున్నాను. పదకొండు నెలల తర్వాత ఒలివ్ నోట వచ్చిన మొదటి మాట ఇది: "దీని నోరు కూడా విప్పించండి. నాతోపాటే కూర్చుంది. వేళ్ళతో తిట్టి తిట్టి చేతులు లాగేస్తున్నాయి, ఇక నోటితో తిట్టుకుంటాం." తన పళ్ళెంలోంచే సగం రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. రొట్టె తిన్నాను, ఏడ్చాను. ఆ మంచిపేరు కూడా ఆమెకే దక్కిందని అప్పుడూ కుళ్ళుకున్నాను, ఇప్పుడూ కుళ్ళుకుంటున్నాను. అయినా గడ్డపార ఆమెదే.

7. ఆయన సమాధికి రెండు పక్కలా చోటుంది. నన్ను కుడి పక్కన పెట్టాలి. ఒలివ్ కాలం తీరినప్పుడు ఎడమ పక్కన. వరుసైన భార్యకు ఎడమ పక్కే గౌరవమని వాలీకి చెప్పండి, నమ్ముతాడు. ఆయనకు ఎడమ చెవి వినపడదు. నా కాపురంలో, ఏడో ఏట పోయింది. ఎవరికీ తెలియనివ్వలేదు. నేను కుడివైపే పడుకుని మాట్లాడేదాన్ని.

షెరీన్, ఈ ఏడోది ఒలివ్‌కు చదివి వినిపించకు.

ముల్గా బోర్, 2011 ఆగస్టు 14

సంతకం: బెరిల్ మోరిసన్

మా ఎదుట, మేమిద్దరం ఒకేచోట ఉండగా సంతకం చేసింది. సాక్షులు:
మార్గొట్ హేన్స్, క్లినిక్ నర్సు
డెస్మండ్ ఫ్రాంక్, నీటి పంపు చూసేవాడు