ఇంజెక్షన్ బండికి కార్బురేటర్

నాయనా, ఇక్కడ నేనూ, నీ కూతురూ క్షేమం.

పంపు ఒత్తిడితో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బండికి పాతకాలపు కార్బురేటర్ పెట్టడం కుదరని పని అని రాశావు. కుదిరింది. నెలాఖరులోగా ఆ పాత కారు నడవకపోతే తుక్కుకి అమ్మేసి, నీ కూతుర్ని మెకానిక్ షెడ్డు మాన్పించి కాలేజీకి పంపుతానన్నావు కదా, ఆ మాట వెనక్కి తీసుకో.

మొదటిసారి స్టార్ట్ చేయగానే కార్బురేటర్ లోంచి పెట్రోలు పొంగి పొర్లింది. ఎదురు షెడ్డు ముసలి మెకానిక్ వచ్చి, "ఏం అమ్మాయ్, బండికి తలంటు పోస్తున్నావా?" అన్నాడు. నీ కూతురు రెండు రోజులు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. తప్పంతా ట్యాంకులో వదిలేసిన పాత పంపుది. ఇంజెక్షన్‌కి పెట్టిన పంపు ఉరవడిని కార్బురేటర్ తట్టుకోలేదట. అది పీకేసి, నిదానంగా పోసే చిన్న పంపు బిగించింది. నిన్న పొద్దున రెండో తిప్పుకే ఇంజను అందుకుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రి ఎత్తురోడ్డు ఆగకుండా ఎక్కించింది. తిరిగొచ్చేసరికి ఆ ముసలాయన బానెట్ ఎత్తించి చూసి, "నా దగ్గర ఇలాంటిదే ఒకటి మూలపడి ఉంది, ఓసారి చూస్తావా తల్లీ?" అన్నాడు. నేను నవ్వలేదు. పెద్దదాన్ని కదా, గొంతు సవరించుకుని ఊరుకున్నాను.

కోడలి మోకాలి నొప్పి తగ్గిందా? మందు మానేసిందేమో కనుక్కో.

పొద్దున్నే ఇంజను అందుకోవడానికి గాలి మూసే చోకు ఉందే, దాన్ని లాగే తీగ ఇక్కడ దొరకలేదు. రోజూ బానెట్ ఎత్తి చోకు చేత్తో మూయాల్సి వస్తోంది. మీ పాత సామాన్ల బజారులో పిడి ఉన్నది, రెండు గజాల పొడవుది, చూసి పంపు. పార్సిల్ మీద నా పేరు వద్దు. నీ కూతురి పేరు రాసి, పక్కన మెకానిక్ అని రాయి.

అమ్మ